ఆ వాన యాడిది?

కొత్తగా ఈ పనిలో చేరేవాళ్ళకు మొదటిరోజే ఒక మాట చెప్తారు, సర్వర్ అబద్ధం చెప్పదని. నాకూ చెప్పారు. అది తప్పు. సర్వర్‌కు మనం తప్పు పేరు నేర్పిస్తే ఆ తప్పునే పొద్దూమాపూ విసుగులేకుండా చెప్తూ పోతుంది. గొంతులో తడబాటు ఉండదు, ముఖంలో సిగ్గు కనిపించదు. అందుకే జనం నమ్ముతారు. రిటైరయ్యాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నానని అనుకోకండి. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఈ మాటే అన్నాను. అన్నందుకు ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా పేరు నాగరత్న. పులివెందుల దగ్గర గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టాను. ప్రొద్దుటూరులో వాన సమాచార కేంద్రంలో సిస్టమ్స్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఎందుకు రాలేదు అనేది మీకు అక్కరలేదు. పని ఏందో చెప్తాను.

పని ఏమిటంటే

ఊళ్ళల్లో వాన కొలిచే యంత్రాలు ఉంటాయి. ఒక గరాటు, దాని కింద చిన్న తొట్టి. తొట్టి నిండగానే తిరగబడుతుంది. ఎన్నిసార్లు తిరగబడితే అంత వాన. జమ్మలమడుగు వైపు యంత్రాలన్నీ తమ కొలతలను జమ్మలమడుగులో ఉన్న సర్వర్‌కు పంపుతాయి. పులివెందుల వైపువి పులివెందుల సర్వర్‌కు పంపుతాయి. ఆ రెండు సర్వర్లూ వాటిని ప్రొద్దుటూరులో మా పెద్ద సర్వర్‌కు పంపిస్తే, మేము పైకి పంపిస్తాము. పైన కరువు లిస్టు వేసేవాళ్ళు, వరద హెచ్చరికలు ఇచ్చేవాళ్ళు, పంటల బీమా చూసేవాళ్ళు అందరూ ఆ కొలతల మీదనే ఆధారపడతారు.

యంత్రానికి తన ఊరి పేరు తెలియదు. మా కాలపు యంత్రాలు కొలత, టైము, తమ నంబరు మాత్రమే పంపేవి. నాలుగో నంబరు యంత్రం జమ్మలమడుగు వైపూ ఉంటుంది, పులివెందుల వైపూ ఉంటుంది. అది ఏ నాలుగో, ఏ వైపుదో మొదట అందుకున్న సర్వరే ముద్ర కొడుతుంది. ఆ ముద్రను ఆరిజిన్ అంటాము. పుట్టినచోటు అన్నమాట.

ఇక్కడే జాగ్రత్తగా వినండి. దాన్ని పుట్టినచోటు అంటారు గానీ, అది వాన పడిన చోటు కాదు. ఆ సమాచారాన్ని మొదట వరసలో పెట్టిన సర్వర్ తన పేరు ఏమని అనుకుంటోందో, ఆ పేరు. ఈ రెండిటికీ ఉన్న తేడా తెలియకుండా పెద్ద కుర్చీల్లో కూర్చుని రిటైరైపోయినవాళ్ళను నేను చూశాను.

కుళ్లాయప్ప వచ్చిన రోజు

ఆ ఏడు వానలు మొదట్నుంచీ దోబూచులాడాయి. కరువు మండలాల లిస్టు బయటికొచ్చాక ఒక ఉదయం ముగ్గురు రైతులు మా ఆఫీసుకొచ్చారు. ముందున్నాయన పేరు కుళ్లాయప్ప. జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో పత్తీ, కందీ వేసిన మనిషి. చేతిసంచిలోంచి ఎండిపోయిన పత్తిమొక్కను వేర్లతోసహా తీసి మా డైరెక్టర్ మూర్తి గారి టేబుల్ మీద పెట్టాడు.

"మా వైపు మంచి వాన పడిందని మీ కంప్యూటర్ చెప్పిందంట సార్. అందుకే మమ్మల్ని లిస్టులో వేయల్యా అంటాండారు. యాడ పడిందో సూపీండి, పోయి తడుచుకొనొస్తాం."

మూర్తి గారిది కోస్తా. మాట ఎప్పుడూ మెత్తగా ఉంటుంది. "చూడండి, వాన ఒక చేనులో పడుతుంది, పక్క చేనులో పడదు. మీ చేను ఒక్కటీ చూసి చెప్పలేం కదండీ."

"ఒక చేను కాదు సార్. ఏడన్నా ఒక వాగో వంకో పారిందేమో అడగండి. మా వైపు యా వంకా పారల్యా."

"మిషన్ చెప్పిందండీ. మిషన్‌కు మీ మీద కోపం ఏముంటుంది?"

కుళ్లాయప్ప మొక్కను తీసుకోకుండా అట్లే వదిలేసి లేచిపోయాడు. నేను వెనకాలే పోయి మెట్ల దగ్గర ఆపాను. మీ ఊరి దగ్గరుండే యంత్రం నంబరు ఎంత, చుట్టూ కంచె ఉందా, పిల్లలేమైనా ముట్టుకుంటున్నారా అని అడిగాను.

"అమ్మా, నువ్వన్నా నమ్ముతాండావా మమ్మల్ని?" అన్నాడు.

"నమ్మడం, నమ్మకపోవడం కాదప్పా. చూస్తా," అన్నాను. ఆ ఒక్కమాటే ఇచ్చాను. మీరు కూడా అంతకంటే ఎక్కువ మాట ఇవ్వకండి. ఇచ్చిన మాట మాత్రం మధ్యలో వదలకండి.

ఎక్కడ మొదలుపెట్టాలి

తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు మనకు దగ్గరగా ఉన్నదాన్ని ముందు అనుమానించాలి. అంటే మన సొంత సర్వర్‌ను. ప్రొద్దుటూరు సర్వర్‌లోకి వచ్చేటప్పుడు ప్యాకెట్, అంటే కొలత మోసుకొచ్చే మూట మీద ఏ పేరుంది, బయటికి పోయేటప్పుడు ఏ పేరుంది అని పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటే. మేము మార్చడం లేదు. కొంతమంది ఇంజనీర్లు ఇక్కడితో ఆగి, మా తప్పేం లేదు అని రాసేసి టీ తాగడానికి పోతారు.

తర్వాత యంత్రం. మా దగ్గర దస్తగిరి అని ఫీల్డ్ టెక్నీషియన్ ఉండేవాడు. ప్రొద్దుటూరోడే. నాతోపాటు చేరి నాతోపాటే ముసలోడయ్యాడు. మనిషి ఎంత నవ్వులాటో పనిలో అంత పట్టు. గరాటు శుభ్రంగా ఉంది, తొట్టి సరిగ్గా తిరగబడుతోంది, బ్యాటరీ బాగుంది అని చూసొచ్చాడు.

అంటే యంత్రం మంచిది, మా సర్వర్ మంచిది. మిగిలింది మధ్యలో ఉన్న జమ్మలమడుగు సర్వర్. దాన్ని అడిగితే అంతా సవ్యంగా ఉందనే చెప్తోంది. ఎర్రలైటు లేదు, పోయిన ప్యాకెట్ లేదు. ఇట్లాంటప్పుడు తెర మీద ఎంతసేపు చూసినా లాభం లేదు. మనమే ఒక వాన కురిపించి అది యాడికి పోతుందో చూడాలి.

మరుసటి రోజు మధ్యాహ్నం దస్తగిరిని నీళ్ళ క్యానుతో కుళ్లాయప్ప ఊరికి పంపాను. పైవాళ్ళకు ఫోన్ చేసి, కాసేపు పరీక్ష చేస్తాండాము, ఈ కొలతలు లెక్కలోకి తీసుకోవద్దు అని చెప్పాను. ఈ జాగ్రత్త మరిచిపోవద్దు. మనం పోసే నీళ్ళు కూడా ఎవరికో వాన అయిపోతాయి.

"మేడమ్, యంత్రం కాడ ఉండా," అన్నాడు దస్తగిరి ఫోన్లో. "నెత్తి మాడిపోతాంది. మచ్చుకన్నా మేఘం లేదు."

"పొయ్యి దస్తగిరీ. ఒకేసారి గుమ్మరించొద్దు."

"పోస్తాండా. తొట్టి తిరగబడతాంది, టకటకమని వినపడతాందా?"

వినపడుతోంది. నా ఎదురుగా తెర మీద కుళ్లాయప్ప ఊరి యంత్రం, జమ్మలమడుగు నాలుగో నంబరు, మాత్రం కదలడం లేదు. లైను పోయిందేమో అనుకున్నాను. కళ్ళు కిందికి జారాయి. పులివెందుల నాలుగో నంబరులో వాన పడుతోంది.

"మేడమ్, పడిందా మీకాడ?"

"పడింది. పులివెందులలో పడింది."

"నేను జమ్మలమడుగు కాడ ఉండా కదా మేడమ్," అన్నాడు. అంతలో ఎవరో ఫోన్ గుంజుకున్నట్టయింది. కుళ్లాయప్ప గొంతు.

"అమ్మా, మేం పోసిన నీళ్ళు యాడికి పోతాండాయి?"

జవాబు నాకు అప్పటికే అర్థమైంది. రెండో వైపు కూడా చూసి చెప్తానప్పా అన్నాను.

పులివెందుల వైపు కూడా అదే పరీక్ష చేయించాను. అక్కడ పోసిన నీళ్ళు జమ్మలమడుగులో వానగా వచ్చాయి. ఆ సీజన్‌కు ముందు రెండుచోట్లా పాత సర్వర్లు తీసేసి కొత్తవి పెట్టారు. వాటికి పేర్లు అక్కడికి తెచ్చాక పెట్టలేదు. హెడ్డాఫీసులోనే ఎక్కించి, అట్టపెట్టెల్లో పెట్టి లారీలో పంపారు. పెట్టెలు తారుమారయ్యాయి. జమ్మలమడుగులో కూర్చున్న సర్వర్ తన పేరు పులివెందుల అనుకుంటోంది. సెటప్‌లో ఏ పేరు రాసుంటే అదే ముద్ర కొడుతుంది. దానికి కిటికీలోంచి చూసి ఊరు గుర్తుపట్టే కళ్ళుండవు కదా!

ఆ ఏడు నిజంగా వాన పడింది పులివెందుల వైపు. ఎండింది జమ్మలమడుగు వైపు. లిస్టులోకి ఎక్కింది మాత్రం పులివెందుల వైపు ఊళ్ళు. మా ఊరు కూడా అందులో ఉంది.

"మీవాళ్ళే కదా"

మూర్తి గారు చెడ్డమనిషి కాదు. తుఫానులప్పుడు ఆఫీసు వదిలి కదిలేవారు కాదు, మా అందరికీ తన ఇంటినుంచి అన్నం తెప్పించేవారు. కానీ తమ చేతికింద తప్పు జరిగిందని ఒప్పుకోవాల్సి వస్తే కొందరు మంచివాళ్ళు కూడా వేరే మనుషులైపోతారు.

నేను చెప్పిందంతా విని, "ఇప్పుడే ఆ పేర్లు మార్చేయండి. రేపట్నుంచి సరిగ్గా వస్తుంది. అయిపోయింది," అన్నారు.

"అయిపోయిన సీజన్ సంగతేంది సార్?"

"యంత్రం పాడైందని రాద్దాం. యంత్రాలు పాడవడం మామూలే కదండీ."

"యంత్రం బాగుంది సార్. పాడైందని నేను రాయను."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీరెక్కడివారు నాగరత్న గారూ?"

"పులివెందుల దగ్గర."

"మరి లిస్టులో ఉన్నది మీవాళ్ళే కదా. మీకెందుకండీ ఈ బాధ?"

ఆ మాట నన్ను కాల్చింది. లంచం ఇవ్వచూపినా అంత మండేది కాదేమో. "మావాళ్ళు కాబట్టే సార్," అన్నాను. "వేరేవాళ్ళ ఎండను మావాళ్ళ పేరు మీద రాసింది మన సర్వర్. తెలియక రాసింది. తెలిసినాక కూడా అట్లే ఉంచితే అప్పుడు రాసేది సర్వర్ కాదు, నేను."

"పేర్లు మార్చండి. ఇది ఆర్డర్."

"పెద్దవాళ్ళు వచ్చి కళ్ళారా చూసేదాకా మార్చను సార్."

ఇది మొండితనం కాదు. మార్చేస్తే రుజువు పోతుంది. మార్చిన మరుక్షణం అంతా ఎప్పట్నుంచో సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది, కుళ్లాయప్ప మళ్ళీ అబద్ధాలకోరు అయిపోతాడు. అట్లని తప్పు సమాచారాన్ని పోనిచ్చి కూర్చోలేదు. పైనున్న వరద హెచ్చరికల వాళ్ళకు ఆయన ఎదుటే ఫోన్ చేసి, జమ్మలమడుగు అని వచ్చినదాన్ని పులివెందుల అని, అటుది ఇటు అని చదువుకోండి, నేను మళ్ళీ చెప్పేదాకా, అన్నాను. జిల్లా కలెక్టరేట్‌కు కూడా నా పేరుతోనే రిపోర్టు పంపాను. ఆయన సంతకం లేకుండా పంపానని ఆయన కోపం. అడిగాను, పెట్టలేదు. నేనేం చేసేది?

రామాంజి

మా తమ్ముడు రామాంజి గొర్రెలు పెట్టుకున్నాడు, కొంచెం చెనిక్కాయ, అంటే వేరుశెనగ వేస్తాడు. కరువు లిస్టులో ఊరు ఉంటే గొర్రెలకు దాణా తక్కువ ధరకొస్తుంది, బ్యాంకువాళ్ళు ఆ ఏడు ఒత్తిడి చేయరు. నా రిపోర్టు సంగతి తెలిసిన ఆదివారం మోటార్ సైకిల్ మీద ప్రొద్దుటూరొచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, ఊర్లో ఏమనుకుంటాండారో తెలుసా నీకు? సొంతూరి నోటికాడ కూడు తీసేసిందంటాండారు."

"లోపలికి రారా. కూర్చోని మాట్లాడు."

"నేను కూర్చోను. వాన ఒకసారి పడినంత మాత్రాన గడ్డి మొలిచేసిందా? గొర్రెలేం తింటాండాయో వచ్చి చూసినావా నువ్వు?"

ఆ మాటలో నిజం ఉంది. లేదని నేను అనలేదు. "నీ గొర్రెలకు గడ్డి లేకుంటే గడ్డి లేదని అడగప్పా, నేనూ వచ్చి నీ పక్కన నిలబడతా. కుళ్లాయప్ప చేనెండిపోతే అది నీ చేనని చెప్పి తీసుకోవద్దు."

"ఎవురు ఆ కుళ్లాయప్ప? మన కులమా, మన ఊరా? నీకేమవుతాడు?"

"నాకేం కాడు."

"మరి తమ్ముడు నేనేమవుతానో చెప్పు!"

తిని పోరా అన్నాను. ఇంట్లో వండిన రాగిసంగటి అట్లే ఉండిపోయింది. వాడు బండి తిప్పుకుని పోయాడు. ఆ సాయంత్రం కూర్చుని ఏడ్చాను. పొద్దున లేచి ఆఫీసుకు పోయాను, రిపోర్టు మాత్రం వెనక్కు తీసుకోలేదు. ఈ పనిలో ధైర్యమంటే ఆఫీసర్ ముందు గట్టిగా మాట్లాడటమని అనుకునేవాళ్ళకు ఒక మాట చెప్తాను. ఆఫీసర్ ముందు మాట్లాడటం సులభం. ఆయనతో పండగలు చేసుకోము కదా.

ఎండలో వాన

చివరికి కలెక్టరేట్ నుంచి ఒక అధికారిణి వచ్చింది. చిన్న వయసు, తక్కువ మాటలు. నన్ను ఏమీ అడగలేదు. "చూపించండి," అంది అంతే. జమ్మలమడుగు వైపు యంత్రం దగ్గరికే అందరం పోయాము. మూర్తి గారు వచ్చారు, కుళ్లాయప్ప వచ్చాడు, ఊరోళ్ళు కంచె చుట్టూ నిలబడ్డారు. ల్యాప్‌టాప్‌లో ప్రొద్దుటూరు సర్వర్ తెర తెరిచి ఆమె చేతికిచ్చాను. దస్తగిరి క్యాన్ ఎత్తాడు.

"మీరు ఆగండి," అందామె. క్యాన్ తీసి కుళ్లాయప్పకు ఇచ్చింది. "మీరు పోయండి."

ఆయన పోశాడు. కొన్ని నీళ్ళు గరాటు బయట పడ్డాయి, ఎండిన నేల చటుక్కున తాగేసింది. ఆమె తెర వైపే చూస్తూ కూర్చుంది. కొద్దిసేపటికి తల ఎత్తి మూర్తి గారిని అడిగింది.

"ఇప్పుడు మనం పులివెందులలో ఉన్నామా సార్?"

కంచె దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. కుళ్లాయప్ప మాత్రం నవ్వలేదు. క్యాన్ కింద పెట్టి, తుండుతో ముఖం తుడుచుకుని, చాలాసేపు ఆ తుండును ముఖం మీదనుంచి తీయలేదు.

ఆరోజే రెండు సర్వర్ల పేర్లూ ఆమె ఎదుటే సరిచేశాను. సీజన్ మొత్తం కొలతలకు పేర్లు తిరగరాశాము. లిస్టు మళ్ళీ వేశారు. జమ్మలమడుగు వైపు ఊళ్ళు ఎక్కాయి, ఆలస్యంగానే. అప్పటికే కొందరు ఎద్దులమ్ముకుని వలస పోయారు. వాళ్ళను ఏ లిస్టూ వెనక్కి తేలేదు. మావైపు ఊళ్ళు కొన్ని దిగిపోయాయి. మా ఊరు దిగిపోయింది. గొర్రెల దాణా కోసం వేరేగా అర్జీ పెడదామని రామాంజికి కబురుచేశాను. రాలేదు. ఊళ్ళో మిగతావాళ్ళు వచ్చారు, వాళ్ళతో పోయి ఆఫీసులో నిలబడ్డాను. కొంత దాణా వచ్చింది.

నన్ను స్టోర్సులో వేశారు. పాత బ్యాటరీలు, కేబుళ్ళ మధ్య కుర్చీ. అవమానపడాలని వేశారు. నేను పడలేదు. ఆ బ్యాటరీలన్నిటినీ పరీక్షించి పనికొచ్చేవి పక్కనపెట్టాను, దస్తగిరి రోజూ మధ్యాహ్నం తన అన్నం గిన్నె తెచ్చుకుని అక్కడే తినేవాడు. మూర్తి గారు బదిలీ అయ్యాక మళ్ళీ సర్వర్ల దగ్గరికి రమ్మన్నారు. పోయాను.

రామాంజి ఇప్పుడు ఇంటికొస్తాడు. తింటాడు, పిల్లల సంగతులు చెప్తాడు. వాన మాట మాత్రం ఎత్తడు. నేనూ ఎత్తను. అంతకంటే బాగయిందని రాస్తే అబద్ధం.

మీకు చెప్పేది

పనికి సంబంధించి కొన్ని చెప్పి ముగిస్తాను. సర్వర్‌ను పెట్టెలోంచి తీసినరోజే, పెట్టినచోట నిలబడి, నీ పేరేంది అని అడగండి. పెట్టె మీద రాసింది నమ్మొద్దు. ఒకే కొలత రెండుసార్లు వస్తే రెండోదాన్ని పుట్టినచోటు చూడకుండా నకలు అనుకుని పారేసే అలవాటు కొన్ని సర్వర్లకు ఉంటుంది. వాన లేదని రెండు ఊళ్ళు పంపే సున్నాలు ఒకేలా ఉంటాయి కాబట్టి ఒక ఊరి సున్నా మాయమవుతుంది. కొలత రాకపోవడం వేరు, వాన రాకపోవడం వేరు. ఈ రెండిటినీ ఒకటి చేసి చెప్పే ఆఫీసర్ ఎవరైనా సరే, కూర్చోబెట్టి విడమరిచి చెప్పండి. వినకపోతే నిలబడి చెప్పండి.

నేను రిటైరయ్యే ముందు పైనుంచి కొత్త ఆర్డర్ వచ్చింది. ప్యాకెట్ల మీద చిన్నచిన్న సర్వర్ల పేర్లు చూడ్డానికి బాగాలేవంట. ప్రొద్దుటూరు దాటేటప్పుడు ఆ పేర్లు తీసేసి అన్నిటికీ కేంద్రం పేరు ఒక్కటే వేయమన్నారు. నేను వేయలేదు. పుట్టినచోటు చెరిపేస్తే రేపు ఇంకో కుళ్లాయప్ప వచ్చి అడిగినప్పుడు వెతకడానికి దారే ఉండదని రాసి పంపాను. జవాబు రాలేదు. నేను వచ్చేశాక వేరేవాళ్ళతో వేయించారని విన్నాను. అంటే ఇప్పుడు జిల్లాలో పడే ప్రతి చినుకూ ఆఫీసు మేడ మీద పడుతున్నట్టే లెక్క.

మీలో ఎవరో ఒకరు ఆ కుర్చీలో కూర్చుంటారు. పేరు మార్చే ఆ సెట్టింగు పెద్ద సర్వర్‌లోనే ఉంది, ఒకటే లైను. తీసేయండి. మెమో ఇస్తారు, తీసుకోండి. మళ్ళీ పెట్టమంటారు.

పెట్టొద్దు.